ఉద్దానం తోటలకు ఖనిజ పోషణ.. నేలను అడిగాకే సంచి విప్పాలి

పలాస: తిత్లీ తుపాను కూల్చిన తోటల స్థానంలో నాటిన జీడిమామిడి, కొబ్బరి మొక్కలు ఉద్దానంలో ఇప్పుడు కాపు వయసులో ఉన్నాయి. రానున్న ముప్పై, నలభై ఏళ్ల పాటు ఈ ప్రాంత రైతు ఆదాయం ఈ చెట్ల మీదే ఆధారపడి ఉంది. రసాయన ఎరువుల ఖర్చు భరించలేక, నేల చచ్చుబడుతోందన్న భయంతో పలువురు రైతులు సున్నపురాయి పొడి, డోలమైట్, జిప్సం, రాతి భాస్వరం వంటి సహజ ఖనిజాల వైపు చూస్తున్నారు. ఆలోచన మంచిదే. అయితే ఇవన్నీ ఒకే పని చేసేవి కావు. ఒక నేలకు మేలు చేసినది పక్క నేలలో నిష్ఫలం కావచ్చు, కొన్నిచోట్ల కీడూ చేయవచ్చు. ఏ తోటకు ఏది అవసరమో తేల్చే పరీక్షలు మాత్రం రైతుకు సక్రమంగా అందడం లేదు.

దెబ్బ మీద దెబ్బ

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో విస్తరించిన ఉద్దానానికి కొబ్బరి, జీడిమామిడి తోటలే కల్పవృక్షాలు. 2013 అక్టోబరులో పైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు ఉత్తరాంధ్ర తీరాన్ని వరుసగా దెబ్బతీశాయి. వజ్రపుకొత్తూరు మండలం వద్ద తీరం దాటిన తిత్లీ ఒక్క రాత్రిలో దశాబ్దాల నాటి చెట్లను వేళ్లతో సహా పెకలించింది. అంటు మొక్క నాటితే జీడిమామిడి మూడో ఏట నుంచి కాపు మొదలుపెడుతుంది. పొడవు రకం కొబ్బరికి ఆరేడేళ్లు పడుతుంది. అంటే రైతు పోగొట్టుకున్నది చెట్లను మాత్రమే కాదు, ఏళ్ల తరబడి రావలసిన రాబడిని కూడా.

దీనికి ధర కష్టం తోడైంది. పలాస జీడిపప్పు పరిశ్రమలకు ఆఫ్రికా దేశాల పిక్కలు పెద్దయెత్తున దిగుమతి అవుతుండగా, స్థానిక పిక్కలకు గిట్టుబాటు దక్కడం లేదని రైతులు ఆందోళన బాట పట్టారు. 80 కిలోల బస్తాకు రూ.16 వేలు మద్దతు ధర ఇవ్వాలని 2023లో డిమాండ్ చేశారు. దేశంలో జీడిమామిడి సగటు దిగుబడి హెక్టారుకు టన్ను కూడా లేదు. ధర రైతు చేతిలో లేనప్పుడు అతని చేతిలో మిగిలేవి రెండే. ఒకటి దిగుబడి, రెండోది పెట్టుబడి. ఖనిజ పోషణ చర్చ ఈ రెండింటి మధ్య పుట్టినదే.

నేల తీరు ఏమిటి?

ఉద్దానంలో ఎక్కువగా ఉన్నవి ఎర్ర ఇసుక నేలలు, తీరం వెంబడి ఇసుక భూములు. వీటిలో బంకమన్ను తక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ. పోషకాలను పట్టి ఉంచే శక్తి బంకమన్నుకు, కుళ్లిన సేంద్రియ పదార్థానికి మాత్రమే ఉంటుంది. జిల్లాలో ఏటా 1,100 మిల్లీమీటర్లకు పైగా కురిసే వర్షం ఈ తేలిక నేలల్లోని కాల్షియం, మెగ్నీషియం, పొటాష్‌లను లోపలి పొరలకు కడిగేస్తుంది. అవి పోయిన చోట ఆమ్ల గుణం పెరుగుతుంది.

మనిషి చేసే పని కూడా ఈ మార్పును వేగిరపరుస్తుంది. యూరియా, అమ్మోనియం సల్ఫేట్ నేలలో మారే క్రమంలో ఆమ్లం పుడుతుంది. వంద కిలోల అమ్మోనియం సల్ఫేట్ మిగిల్చే ఆమ్లాన్ని చల్లార్చడానికి సుమారు 110 కిలోల సున్నపురాయి పొడి, వంద కిలోల యూరియాకు సుమారు 80 కిలోలు కావాలని వ్యవసాయ శాస్త్రం లెక్క కట్టింది. ఏళ్ల తరబడి పాదుల్లో యూరియా ఒక్కటే వేస్తూ వచ్చిన రైతు, తనకు తెలియకుండానే నేలకు అప్పు పడుతున్నాడన్న మాట.

అయితే ఉద్దానమంతా ఆమ్ల నేలే అనుకోవడం పొరపాటు. తీరానికి దగ్గరగా గుల్లలు, ఆల్చిప్పల ముక్కలు కలిసిన ఇసుకలో సహజంగానే సున్నం ఉంటుంది. అక్కడ ఉదజని సూచిక 7 దాటవచ్చు. రెండు కిలోమీటర్లు లోపలికి వెళితే అదే సూచిక 5.5కు దిగవచ్చు. ఒకే ఊరి రెండు తోటలకు ఒకే మందు పనికిరాదనడానికి ఇదే కారణం.

సున్నం.. బలమూ హద్దూ

ఆమ్ల నేలకు మొదటి వైద్యం సున్నపురాయి పొడి లేదా డోలమైట్. ఉదజని సూచిక 5.5 కన్నా బాగా తగ్గినప్పుడు నేలలోని అల్యూమినియం కరిగి వేళ్ల కొనలను కురచబరుస్తుంది. ఇనుము, అల్యూమినియం కలిసి భాస్వరాన్ని బంధిస్తాయి. సున్నం ఈ రెండు బాధలనూ తగ్గిస్తుంది. స్వచ్ఛమైన సున్నపురాయి ఆమ్లాన్ని చల్లార్చే శక్తిని 100గా తీసుకుంటే డోలమైట్ శక్తి సుమారు 109, తడిపిన సున్నానిది 136, కాల్చిన సున్నానిది 179. డోలమైట్‌లో కాల్షియంతో పాటు 13 శాతం వరకు మెగ్నీషియం ఉండటం తోటలకు అదనపు లాభం. కాల్చిన సున్నం వేగంగా పనిచేసినా లేత వేళ్లను మాడ్చే గుణం ఉంది కనుక కాపు చెట్ల పాదుల్లో పొడి రాయే క్షేమం.

మెత్తదనం ముఖ్యం. ఇసుక రేణువంత ముతకగా ఉన్న రాతి గుండ నేలలో ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. పిండిలా మెత్తగా ఉన్నదే మొదటి ఏడాది పని చేస్తుంది. చవకగా వస్తుందని ముతక గుండ కొంటే ఆ డబ్బు రాళ్ల పాలైనట్లే.

హద్దు సంగతి ఇంకా ముఖ్యం. జీడిమామిడి స్వతహాగా ఆమ్ల నేలను కొంతవరకు ఓర్చుకునే చెట్టు. పైగా ఇసుక నేలలకు మార్పును తట్టుకునే శక్తి తక్కువ. బరువు నేలలో టన్ను సున్నం తెచ్చే మార్పును ఇక్కడ అందులో కొద్ది భాగమే తెస్తుంది. అతిగా వేస్తే జింకు, బోరాన్, మాంగనీసు, ఇనుము చెట్టుకు అందకుండా పోతాయి. ఆకు పాలిపోయిందని సున్నం వేస్తే, ఆ సున్నం వల్లే ఆకు మరింత పాలిపోయే పరిస్థితి వస్తుంది.

సున్నాన్ని యూరియాతో కలిపి వేయరాదు. నత్రజని అమ్మోనియా వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. రెండింటి మధ్య కనీసం రెండు, మూడు వారాల ఎడం ఉండాలి.

రాతి భాస్వరం ఎక్కడ కరుగుతుంది?

రాతి భాస్వరం పేరు చెప్పగానే రాజస్థాన్‌లోని ఉదయ్‌పుర్ సమీప ఝామర్‌కోట్రా గనులు గుర్తొస్తాయి. ఉమ్మడి విశాఖ జిల్లా కాశీపట్నం పరిసరాల్లోనూ భాస్వరపు ఖనిజం అపటైట్ నిక్షేపాలు ఉన్నాయి. సూపర్ ఫాస్ఫేట్ నీటిలో కరుగుతుంది. రాతి భాస్వరం కరగడానికి నేలలో ఆమ్లం కావాలి. ఉదజని సూచిక 5.5కు అటూ ఇటూ ఉన్న నేలల్లో, వర్షపు తేమ ఉన్నచోట అది మెల్లగా కరిగి ఏళ్ల తరబడి భాస్వరం అందిస్తుంది. ఏడాది పంటకు ఈ నెమ్మది లోపమే గానీ, దశాబ్దాలు నిలిచే చెట్టుకు అదే అనుకూలం. సూచిక 7 దాటిన తీరపు ఇసుకలో మాత్రం వేసిన పొడి వేసినట్లే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. సున్నం నేలలోని ఆమ్లాన్ని చంపుతుంది. రాతి భాస్వరం ఆ ఆమ్లంతోనే బతుకుతుంది. రెంటినీ ఒకే పాదులో ఒకేసారి వేస్తే ఒకదాని పని మరొకటి చెడగొడుతుంది. రాతి భాస్వరాన్ని ముందుగా పశువుల ఎరువులో కలిపి మాగనిచ్చి, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియాను జతచేసి వేళ్ల దగ్గర వేసి, సున్నాన్ని మరో కారులో పైపొరలో కలపడం వివేకం.

ఖనిజాలను లోతుకు చేర్చగలిగే అవకాశం చెట్టు జీవితంలో ఒక్కసారే వస్తుంది. అది గొయ్యి తీసిన రోజు. సున్నం, భాస్వరం నేల పైన వేస్తే కిందికి దిగడానికి ఏళ్లు పడుతుంది. జీడిమామిడి అంటు నాటేటప్పుడు గోతిలో పైమట్టితో పాటు అయిదు కిలోల కంపోస్టు, 200 గ్రాముల రాతి భాస్వరం కలపాలన్నది పరిశోధన కేంద్రాల సిఫార్సు. తుపాను తర్వాత ఆదరాబాదరాగా నాటిన తోటల్లో ఈ జాగ్రత్త ఎంతమేరకు పాటించారన్నది ఇప్పుడు చెట్ల ఎదుగుదలలో తెలుస్తుంది.

జిప్సం సున్నం కాదు

వేరుసెనగ రైతులకు జిప్సం పాత చుట్టమే. దానిలో సుమారు 23 శాతం కాల్షియం, 18 శాతం గంధకం ఉంటాయి. సున్నానికి చేసే పని జిప్సం చేస్తుందన్న నమ్మకం మాత్రం సరికాదు. జిప్సం ఆమ్ల గుణాన్ని తగ్గించదు. అది చౌడు నేలలో సోడియంను తొలగించడానికి, గంధకం లోటు తీర్చడానికి ఉపయోగిస్తుంది. నీటిలో కొంత కరుగుతుంది కనుక సున్నం కన్నా త్వరగా లోతుకు దిగి అడుగు వేళ్లకు కాల్షియం అందిస్తుంది. సముద్రపు నీరు చొరబడి ఉప్పదనం, చౌడు తలెత్తిన తీరపు కొబ్బరి తోటల్లో, మురుగు పోయే దారి ఉన్నప్పుడు, జిప్సం మేలు చేస్తుంది. నీరు పోయే దారి లేకపోతే తొలగిన సోడియం అక్కడే నిలిచిపోతుంది.

కొబ్బరి ఆకలి వేరు

ఒక కొబ్బరి చెట్టుకు ఏటా 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1,200 గ్రాముల పొటాష్ కావాలని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ చెబుతోంది. నత్రజనికి రెట్టింపు కన్నా ఎక్కువ పొటాష్ అడిగే చెట్టుకు, చాలాచోట్ల దొరికేది యూరియా మాత్రమే. పొటాష్ కూడా గనిలో తవ్వే ఖనిజమే. దాని అవసరాన్ని దేశం దాదాపు పూర్తిగా దిగుమతులతోనే తీర్చుకుంటోంది.

పొటాష్ ఒక్కటే ఎక్కువైతే మెగ్నీషియం చెట్టుకు అందదు. ఎండ తగిలే కింది మట్టలు పసుపుబారి, ఈనె పక్కన మాత్రం పచ్చగా మిగలడం దాని గుర్తు. ఆమ్ల నేలలో చెట్టుకు కిలో డోలమైట్ దీనిని సరిచేస్తుంది. ఆమ్లం లేని నేలలో డోలమైట్ కరగదు కనుక 500 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ వేయాలి. మొవ్వు ఆకులు విడకుండా ముడుచుకుపోవడం, పిందె రాలడం బోరాన్ లోపానికి సూచనలు. దీనికి 50 గ్రాముల బోరాక్స్ చాలు. బోరాన్ మేలుకీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. గుప్పెడు ఎక్కువ వేసినా ప్రమాదమే.

రాతిపొడిపై కొత్త ఆశలు

క్వారీల్లో మిగిలే రాతిపొడిని పొలాలకు వేయాలన్న వాదం పందొమ్మిదో శతాబ్దం నాటిది. వాతావరణ మార్పుల చర్చతో దానికి మళ్లీ ఊపిరి వచ్చింది. బసాల్ట్ వంటి నల్లరాయి పొడి నేలలో క్రమంగా శిథిలమవుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును బంధిస్తుంది. భారతీయ చిన్న రైతుల పొలాల్లో ఈ పద్ధతిని అమలు చేస్తున్న మాటీ కార్బన్ సంస్థకు 2025 ఏప్రిల్‌లో ఎక్స్‌ప్రైజ్ పోటీలో 5 కోట్ల డాలర్ల అగ్ర బహుమతి దక్కింది.

టెక్కలి పరిసరాల్లో గ్రానైట్ క్వారీలు ఉన్నాయి కనుక ఆ పొడి ఉచితంగా దొరుకుతుందని ఆశపడటం సహజం. కానీ రాయికీ రాయికీ తేడా ఉంది. బసాల్ట్‌లోని ఖనిజాలు త్వరగా శిథిలమవుతాయి. గ్రానైట్‌లో అధిక భాగం స్ఫటికం, ఫెల్డ్‌స్పార్. స్ఫటికం నుంచి చెట్టుకు అందే పోషకమేదీ లేదు. ఫెల్డ్‌స్పార్‌లో పొటాష్ ఉన్నా అది బయటపడటానికి ఒక తరం సరిపోదు. ఇసుక నేలకు మరింత ఇసుక చేర్చడం వల్ల తోటకు ఒరిగేది స్వల్పం.

పెద్దల మాట చద్దిమూట

దూరం నుంచి వచ్చే సంచుల కన్నా ఊరి చెరువు దగ్గర ఉంది. వేసవిలో ఎండిన చెరువు అడుగు మట్టిని బండ్లకెత్తి తోటలకు తోలడం పాత తరం అలవాటు. ఆ మట్టిలో వానలకు కొట్టుకొచ్చిన బంకమన్ను, ఒండ్రు ఉంటాయి. ఇసుక నేలకు అసలు లోటు అదే. చెరువు మట్టి తేమను నిలుపుతుంది. వేసిన పొటాష్, మెగ్నీషియం కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది. పొయ్యి బూడిదలో పొటాష్, సున్నం రెండూ ఉంటాయి. కర్ర పొయ్యిలు తగ్గడంతో ఆ బూడిదా తగ్గింది. జనుము, జీలుగ వంటి పచ్చిరొట్టను తోటలో దున్నితే సేంద్రియ కర్బనం పెరుగుతుంది. ఇది లేకుండా ఎన్ని ఖనిజాలు వేసినా చిల్లికుండలో నీళ్లు పోసినట్లే.

చెరువు మట్టికీ పరీక్ష తప్పదు. ఉప్పునీరు చేరే చెరువుల మట్టి, రొయ్యల చెరువుల అడుగు మట్టి తోటకు తెస్తే తెచ్చుకున్నది చౌడే అవుతుంది.

సహజమైతే సురక్షితమేనా?

ఉద్దానం ప్రజలకు ఈ ప్రశ్న మిగతావారి కన్నా ముఖ్యం. ఇక్కడ వేలాది కుటుంబాలను పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధికి కచ్చితమైన కారణం ఏళ్ల పరిశోధన తర్వాత కూడా నిర్ధారణ కాలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వ్యాధికి ఫలానా ఎరువే కారణమని చెప్పే ఆధారం లేదు. అంతమాత్రాన నేలలోకి, నీటిలోకి ఏది వెళుతున్నదో చూడకుండా ఉండటం తగదు.

రాతి భాస్వరంలో సహజంగానే ఫ్లోరైడ్ ఉంటుంది. నిక్షేపాన్ని బట్టి కాడ్మియం వంటి భార లోహాలూ కొద్ది పాళ్లలో ఉండవచ్చు. చెట్టుకు వందల గ్రాముల మోతాదులో ఇది పెద్ద భయం కాదు. లెక్క లేకుండా బస్తాలు కుమ్మరించడం వేరు సంగతి. రాతిపొడి చల్లేవారు పీల్చే సన్నని స్ఫటిక ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుందనడంలో సందేహం లేదు. కూలీలకు ముక్కుకు గుడ్డ, తడిపిన పొడి తప్పనిసరి. ప్రకృతిలో పుట్టిందన్న ఒక్క కారణంతో ఏ ఖనిజమూ నిరపాయం కాదు.

భూసార పత్రం చెప్పని సంగతి

ఇంతకీ ఏ తోటకు ఏది కావాలో చెప్పవలసింది భూసార పరీక్ష. కేంద్రం 2015 ఫిబ్రవరిలో ప్రారంభించిన భూసార పత్రాల పథకం 12 అంశాలను లెక్కిస్తుంది. ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. ఈ జాబితాలో కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు. సున్నం, డోలమైట్, జిప్సం గురించి నిర్ణయించుకోవలసిన రైతుకు వాటిలోని ముఖ్య పోషకాల సంగతే పత్రం చెప్పదు.

రెండో లోపం నమూనాల దగ్గర ఉంది. పథకం నిబంధనల ప్రకారం వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా తీశారు. అరెకరం, ఎకరం కమతాలున్న ఉద్దానంలో పది హెక్టార్లంటే డజన్ల మంది రైతుల భూమి. ఒకరి మట్టి ఫలితం అందరి పత్రాల్లోనూ అచ్చవుతుంది. మూడోది లోతు. వరి, వేరుసెనగకు జానెడు లోతు మట్టి చాలు. చెట్టు వేళ్లు మీటరు దాటి పోతాయి. తోట నమూనా 30, 60, 90 సెంటీమీటర్ల లోతుల్లో విడివిడిగా తీయాలి.

రైతు సేవా కేంద్రాలు గ్రామాల్లో ఉన్నాయి. అక్కడి సిబ్బందికి తోట నమూనా తీయడంలో తర్ఫీదు ఇచ్చి, పరీక్షలో కాల్షియం, మెగ్నీషియం, సున్నం అవసరాన్ని చేర్చడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. జిప్సం, జింకు, బోరాక్స్‌లకు గతంలో రాయితీ ఇచ్చిన అనుభవం ప్రభుత్వానికి ఉంది. ఖమ్మం జిల్లా మాదారం డోలమైట్ విశాఖ ఉక్కు కర్మాగారానికి ఏళ్ల తరబడి తరలింది. సున్నపురాయి, డోలమైట్ పొడుల ధర కన్నా రవాణా ఖర్చే భారమైనప్పుడు, రైతు ఉత్పత్తిదారుల సంఘాల ద్వారా టోకున తెప్పిస్తే ఆ భారం తగ్గుతుంది.

ఖనిజంతో తీరని జబ్బులు

పసుపుబారిన ప్రతి చెట్టుకూ పోషక లోపమే కారణం కాదు. జీడిమామిడిలో కాండం, వేరు తొలిచే పురుగు చేరితే మొదట ఆకులు పసుపుబారి రాలుతాయి. మొదలు దగ్గర బంక, రంపపు పొట్టు వంటి పదార్థం కనిపిస్తుంది. ఆ దశలో డోలమైట్ వేస్తూ కూర్చుంటే చెట్టు దక్కదు. లేత చిగురు, పూత నల్లబడి మాడితే అది టీ దోమ పని. ముసలి చెట్లు, చీడ ముదిరిన చెట్ల సమస్యకు మందు నేలలో దొరకదు.

రైతులు పాటించవలసినవి

తొలకరికి ముందు తోట మట్టిని మూడు లోతుల్లో తీసి పరీక్షకు పంపాలి. ఇటీవల ఎరువు వేసిన పాదు నుంచి నమూనా తీయరాదు.

ఉదజని సూచిక 5.5 కన్నా తక్కువైతే డోలమైట్ లేదా సున్నపురాయి పొడి. 7 దాటితే ఆ రెండూ, రాతి భాస్వరమూ వద్దు.

సున్నానికీ యూరియాకూ మధ్య కనీసం రెండు, మూడు వారాల ఎడం పాటించాలి. సున్నాన్నీ రాతి భాస్వరాన్నీ ఒకేసారి కలపరాదు.

జీడిమామిడికి మొదలు నుంచి మీటరున్నర దూరంలో చుట్టూ గాడి తీసి ఎరువులు వేసి మట్టి కప్పాలి. మొదట్లో పోయరాదు.

తోటంతా ఒకేసారి వేయకుండా రెండు వరుసలు విడిచి మిగతా వాటికి వేయాలి. మూడు కాపులు తూకం వేసి పోల్చుకోవాలి. సంచి మీద రాసిన హామీ కన్నా ఆ తూకమే నమ్మదగిన సాక్ష్యం.

తుపానులు ఆపడం, అంతర్జాతీయ విపణిలో పిక్కల ధర నిర్ణయించడం ఉద్దానం రైతు వల్ల అయ్యే పనులు కావు. తన పాదులో ఏమి వేయాలో తెలుసుకోవడం మాత్రం అతని హక్కు. నమూనా సక్రమంగా తీసి, పూర్తి ఫలితం వానల ముందే చేతికి ఇస్తే చాలు. ఆ మాత్రం పని జరగనంత కాలం రైతు కొనే ప్రతి సంచీ చీకట్లో వేసిన అడుగే అవుతుంది.